ఏ సంచిక లేదో ముందు రాసుకుందాం



గ్రంథాలయం నుంచి తెచ్చుకున్న పుస్తకం పోతే ఏం చెయ్యాలో సభ్యత్వం ఉన్న ప్రతివారికీ తెలుసు. అదే పుస్తకం కొని తెచ్చి ఇవ్వాలి, లేదా వెల కట్టాలి. వెల కట్టగానే రసీదు చేతికొస్తుంది. రిజిస్టరులో ఆ నంబరుకు ఎదురుగా ఒక మాట రాస్తారు. లెక్క సరిపోతుంది. అరలో ఖాళీ మాత్రం అలాగే ఉండిపోతుంది. ఆ ఖాళీ గురించి ఈ వేళ నాలుగు మాటలు చెప్పాలని వచ్చాను.

కొత్త పుస్తకమైతే పెద్ద చిక్కేమీ లేదు. విజయవాడకు ఫోను చేస్తే పార్సిల్లో వస్తుంది. ముద్రణ ఆగిపోయిన పుస్తకమైతే కాస్త కష్టం. అయినా ఏ పాత పుస్తకాల కొట్టులోనో దొరుకుతుందన్న ఆశ ఉంటుంది. పత్రిక సంగతి వేరండి. శ్రీపాద సుబ్రహ్మణ్యశాస్త్రిగారు రాజమండ్రిలో ‘ప్రబుద్ధాంధ్ర’ అనే పత్రిక నడిపారు. అందులో ఒక సంచిక ఒక గ్రంథాలయంలో చిరిగిపోయిందనుకోండి. దాన్ని మళ్లీ అచ్చువేసేవారు ఉండరు. అమ్మే కొట్టు ఉండదు. ఎంత సొమ్ము పట్టుకుని బయల్దేరినా ఆ ఖాళీ నిండాలంటే అదే నెల, అదే సంచిక, ఇంకొక ప్రతి ఎక్కడో మిగిలి ఉండాలి. అది ఎవరింట్లో ఉందో మనకు తెలియాలి.

ఈ బాధ గోదావరి జిల్లాలకు ఎక్కువ. ఎందుకంటే ఇక్కడ అచ్చయిందీ ఎక్కువే, చదివిందీ ఎక్కువే, దాచుకున్నదీ ఎక్కువే. వీరేశలింగంగారు 1874లో ‘వివేకవర్ధని’ మొదలుపెట్టారు. ఆడవారి కోసం ‘సతీహితబోధిని’ నడిపారు. 1902లో ఏలూరు నుంచి ‘హిందూసుందరి’ వచ్చింది. ఆడవాళ్లే సంపాదకులుగా ఉండి నడిపిన పత్రిక అది. భీమవరం దగ్గర కుముదవల్లి అనే పల్లెటూళ్లో 1897లోనే వీరేశలింగంగారి పేరు మీద గ్రంథాలయం పెట్టారు. ఆ మరుసటి ఏడాది రాజమండ్రిలో నాళం కృష్ణారావుగారు, ఇంకా ఇరవై ఏళ్లు కూడా నిండని కుర్రవాడు, తన గురువు వడ్డాది సుబ్బారాయుడుగారి పేరున వసురాయ గ్రంథాలయం స్థాపించారు. అదీ, రత్నకవి గ్రంథాలయమూ కలిసి గౌతమీ గ్రంథాలయమయ్యాయి. గ్రంథాలయోద్యమానికి జీవితం ధారపోసిన అయ్యంకి వెంకటరమణయ్యగారిది మన కొంకుదురే. 1914లో బెజవాడలో జరిగిన మొదటి ఆంధ్రదేశ గ్రంథాలయ మహాసభకు అధ్యక్షత వహించిన చిలకమర్తి లక్ష్మీనరసింహంగారు మనవారే. ఇన్ని పుస్తకాలు పోగుచేసిన నేల ఇది. పోగొట్టుకున్నదీ అంతకు తగ్గట్టే ఉంది.

పోవడమంటే వరదే గుర్తొస్తుంది మనకు. 1986 ఆగస్టులో ధవళేశ్వరం ఆనకట్ట మీదుగా 35 లక్షల క్యూసెక్కులు దాటి నీరు పారింది. గట్లు తెగి లంకలూ ఊళ్లూ మునిగాయి. 1996 నవంబరు 6న కోనసీమ మీద తుపాను విరుచుకుపడి మనుషుల్నీ కొబ్బరి తోటల్నీ ఒక్క రాత్రిలో ఊడ్చేసింది. అలాంటప్పుడు పుస్తకాల గురించి ఎవరు తలుచుకుంటారు? తలుచుకోకపోవడంలో తప్పులేదు. ప్రాణాలు ముందు. కాని ఆ రోజుల్లో కప్పులు లేచిపోయిన ఇళ్లలో, బళ్లలో, చిన్న గ్రంథాలయాల్లో ఏయే పుస్తకాలుండేవో మనం తర్వాతైనా రాసుకోలేదు. రాసుకోలేదు గనుక ఏం పోయిందో కూడా తెలియకుండా పోయింది.

వరద కంటే ఎక్కువ నష్టం చప్పుడు చెయ్యకుండా జరుగుతుంది. మన డెల్టా గాలిలో చెమ్మ. వానాకాలంలో గోడకు ఆనించిన బీరువా వెనక చెయ్యి పెట్టి చూడండి, తడి తెలుస్తుంది. ఆ చెమ్మకు బూజు వస్తుంది, బూజు వెనకే పురుగు వస్తుంది, నేలలోంచి చెద ఎక్కుతుంది. పైగా పత్రికల కాగితం నాసి కాగితం. చెక్క గుజ్జుతో చేసిన న్యూస్‌ప్రింట్‌లో ఆమ్లం లోపల్నుంచే పనిచేస్తుంది. ముందు అంచులు పచ్చబడతాయి, తర్వాత గోధుమరంగుకు తిరుగుతాయి, చివరికి పేజీ తిప్పితే ముక్క వేలికి అంటుకుని వచ్చేస్తుంది. అరవై ఏళ్ల నాటి వారపత్రిక కంటే నూట ఏభై ఏళ్ల నాటి పుస్తకం గట్టిగా ఉండటం చాలామంది చూసే ఉంటారు. కారణం ఈ కాగితమే.

ఇవి కాక బ్లేడు ఉంది. కావలసిన వ్యాసం కోసుకుపోయే పాఠకుడి చేతిలో బ్లేడు. పుస్తకం మొత్తం పోతే తనిఖీలో తెలుస్తుంది. నాలుగు పేజీలు పోతే, ఆ నాలుగు పేజీల కోసం దూరం నుంచి ఎవరైనా వచ్చిన రోజున తెలుస్తుంది. బైండు చేయించేటప్పుడు ముఖచిత్రాలూ ప్రకటనల పేజీలూ తీసి పారేసే అలవాటు కూడా చాలాచోట్ల ఉండేది. ఏడాది సంచికలు ఒక్క బొత్తిగా కుట్టాలంటే లావు తగ్గాలి కదా అని. ఈ రోజున ఆ ముఖచిత్రాలే వెతుక్కుంటున్నాం. తేదీ స్పష్టంగా కనబడేది వాటి మీద.

ఒక్క రోజులో గ్రంథాలయం మునిగిన సంగతి ఒకటి చెప్పాలి. 2000 ఆగస్టు 24న హైదరాబాదులో కుంభవృష్టి కురిసింది. బాగ్‌లింగంపల్లిలో సుందరయ్య విజ్ఞాన కేంద్రం కింది అంతస్తులోకి నీరు చొచ్చుకొచ్చి గ్రంథాలయం మునిగిపోయింది. వేల పుస్తకాలు, అపురూపమైన పాత పత్రికలు బురద నీటిలో నానాయి. పోయినవాటి స్థానంలో పుస్తకాలు, పత్రికలు సమకూర్చడానికి ఇక్కడివారూ, సముద్రాల అవతల ఉన్న తెలుగువారూ కదిలారు. ఆ ప్రయత్నం మనకు ఒక పాఠం నేర్పింది. పుస్తకాల కోసం అడిగితే పుస్తకాలు వచ్చాయి. పత్రికల కోసం అడగాలంటే ఏ పత్రిక, ఏ సంవత్సరం, ఏ నెల అని అడగాలి. “మీ దగ్గర పాత పత్రికలుంటే పంపండి” అంటే అందరి దగ్గరా ఉన్నవే పదిసార్లు వస్తాయి. కావలసింది ఒక్కటీ రాదు.

మునిగిన పుస్తకాన్ని ఎలా ఆరబెట్టాలో తెలుసుకుని ఉంచుకోవడం మన జిల్లాల్లో ఈత నేర్చుకున్నంత అవసరం. తడిసిన పుస్తకాన్ని తెచ్చి ఎండలో పరిచేస్తాం మనం. అది చెయ్యకూడదు. ఎండకు అట్ట వంకర పోతుంది, పేజీలు వంకీలు తిరిగి ఒకదానికొకటి అతుక్కుపోతాయి. బురద ఉంటే పుస్తకం మూసి గట్టిగా పట్టుకుని మంచినీళ్లలో ముంచి తియ్యాలి. తెరిచి కడిగితే మట్టి లోపలికి పోతుంది. తర్వాత నీడలో, గాలి ఆడేచోట, ఫ్యాను కింద నిలబెట్టి విసనకర్రలాగా విప్పి ఉంచాలి. మధ్యమధ్య తెల్ల కాగితాలు పెట్టి, అవి తడవగానే మారుస్తూ ఉండాలి. రెండు రోజులు దాటితే బూజు పట్టుకుంటుంది. ఒకేసారి అన్నీ ఆరబెట్టలేకపోతే ప్లాస్టిక్ సంచుల్లో చుట్టి చేపల ఐసు గదిలో పెట్టించినా సరే, గడ్డకట్టి ఉన్నంతకాలం పాడవవు. భీమవరం చుట్టుపక్కల రొయ్యల శీతల గిడ్డంగులకు కొదవలేదు. ఒక్క వారం ఒక మూల అడిగితే ఏ యజమానీ కాదనడని నా నమ్మకం. 1966 నవంబరు 4న ఇటలీలో ఆర్నో నది పొంగి ఫ్లారెన్సు జాతీయ గ్రంథాలయాన్ని ముంచినప్పుడు, ఎక్కడెక్కడి నుంచో వచ్చిన కుర్రకారు బురదలోంచి పుస్తకాలు ఒకరి చేతి నుంచి ఒకరికి అందించుకుంటూ పైకి చేర్చారు. ఈ విద్యలో చాలా భాగం లోకానికి అక్కడే అబ్బింది.

ఇంతకీ మనవి మనకు లేకుండా పోతే ఇంకెక్కడున్నాయి? చిత్రమేమిటంటే లండన్‌లో ఉన్నాయి. 1867లో తెల్లదొరలు ముద్రణాలయాల మీద, పుస్తకాల మీద చట్టం చేశారు. అచ్చయిన ప్రతి పుస్తకమూ ప్రభుత్వానికి అప్పజెప్పాలన్నారు. వాళ్ల ఉద్దేశం కనిపెట్టి ఉండటమే. కాని దాని వల్ల మద్రాసు ప్రభుత్వం మూడు నెలలకోసారి జాబితాలు వేసింది. వాటిలో పుస్తకం పేరు, రచయిత, అచ్చుకూటం, పుటలు, ఎన్ని ప్రతులు వేశారు, వెల ఎంత అనే వివరాలు ఉంటాయి. రాజమండ్రిలో, కాకినాడలో, నరసాపురంలో ఆ రోజుల్లో ఏం అచ్చయిందో చెప్పే దస్తావేజు అంతకంటే వేరే లేదు. కొన్ని పుస్తకాలు ఓడెక్కి లండన్ చేరాయి. 1912లో బార్నెట్ అనే పండితుడు బ్రిటిష్ మ్యూజియంలోని తెలుగు పుస్తకాలకు ఒక పట్టికే అచ్చువేశాడు. గోదావరి ఒడ్డున అచ్చయిన పుస్తకం పేరు థేమ్స్ నది ఒడ్డున వేసిన పట్టికలో చూసుకోవలసి రావడం నాకు కష్టంగానే ఉంటుంది. ఉన్నందుకు సంతోషమూ కలుగుతుంది.

స్వాతంత్ర్యం వచ్చాక 1954లో మన పార్లమెంటు చేసిన చట్టం ప్రకారం కలకత్తా జాతీయ గ్రంథాలయానికీ, మద్రాసు కన్నెమరాకూ ప్రచురణకర్తలు ప్రతులు పంపాలి. అందరూ పంపారని చెప్పలేం, పంపినవి ఉన్నాయి. ఇంకొక దారి అమెరికా. ఆ దేశం పి.ఎల్. 480 కింద మనకు గోధుమలు అమ్మి, బాకీ రూపాయల్లో తీసుకుంది. ఆ రూపాయల్లో కొంత పెట్టి 1962 నుంచి లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ వారు భారతీయ భాషల పుస్తకాలు, పత్రికలు కొని తమ విశ్వవిద్యాలయాలకు పంచారు. రేషను షాపు దగ్గర గోధుమలకు నిలబడ్డ తరం వింటూ ఉంటే గుర్తుచేసుకోండి. ఆ గోధుమల సొమ్ముతోనే మన తెలుగు నవలలు కొన్ని విస్కాన్సిన్, షికాగో అరల్లోకి చేరి చెమ్మ తగలకుండా ఉన్నాయి.

అయినా నేను నమ్ముకున్నది లండన్‌నూ షికాగోనూ కాదు. మన అటకల్నే.

మా మేనత్త చదువు ఐదో తరగతితో ఆగిపోయింది. వారపత్రికల్లో వచ్చే సీరియల్ అంటే ఆవిడకు ప్రాణం. ప్రతి వారం ఆ పేజీలు జాగ్రత్తగా చింపి, బియ్యం డబ్బా మీద బరువు పెట్టి అణిచి, సీరియల్ పూర్తయ్యాక గోతాల సూదితో మూడుచోట్ల కుట్టేది. పైన పాత క్యాలెండరు అట్ట. కుట్టిన పురికొస ముడి దగ్గర కాస్త మైదా ముద్ద, పురుగు పట్టకుండా అందులో చిటికెడు మైలుతుత్తం. అట్ట లోపల నవల పేరు, ఎవరెవరికి ఎరువిచ్చిందో వాళ్ల పేర్లు. తిరిగి వచ్చినవాటికి కొట్టివేత ఉంది. రానివాటికి లేదు. సీరియల్ పేజీ వెనక్కి తిప్పితే సగం కథ, ఒక అమృతాంజనం ప్రకటన, పాఠకుల ఉత్తరాలు. ఆవిడ దాచింది నవలను. దాంతోపాటు ఆ వారం పత్రికలో మరో నాలుగు రచనల ముక్కలూ మిగిలాయి. గోదావరి జిల్లాల్లో ఇలాంటి కుట్టు పుస్తకాలు లేని వీధి ఉండేది కాదు.

నవల తర్వాత పుస్తకంగా వచ్చింది కదా, ఈ చింపిన పేజీలెందుకు అనుకోవచ్చు. ధవళేశ్వరంలో పుట్టిన ముళ్లపూడి వెంకటరమణగారి ‘బుడుగు’ 1956లో ఆంధ్రపత్రిక వారపత్రికలో మొదలైంది. నరసాపురంలో పుట్టిన బాపుగారు దానికే కాదు, ఎందరో రచయితల కథలకూ సీరియళ్లకూ వారం వారం బొమ్మలు వేశారు. పుస్తకాలుగా వచ్చినప్పుడు చాలా నవలల్లో బొమ్మలు వదిలేశారు. కొన్ని ప్రకరణాలు మార్చినవాళ్లున్నారు. ఆ బొమ్మలు, ఆ మొదటి పాఠం ఉన్నది పత్రికలోనే. అందుకే పుస్తకం చేతిలో ఉన్నా పత్రిక లేని లోటు లోటే.

ఈ కుట్టు పుస్తకాలకు ఇప్పుడు గండం వచ్చింది. చెద వల్ల కాదు, ఇల్లు అమ్మడం వల్ల. పెద్దావిడ పోతుంది. కొడుకు హైదరాబాదులోనో, డాలస్‌లోనో ఉంటాడు. పదకొండు రోజుల సెలవులో కర్మకాండ జరిపించాలి, రిజిస్ట్రేషన్ ఆఫీసుకు వెళ్లాలి, ఇల్లు ఖాళీ చేయించాలి. అటక మీది మూటలు తూకానికి పోతాయి. ఎవర్నీ తప్పుపట్టలేను, ఆ అబ్బాయికి ఆ మూట విలువ చెప్పినవారు ఎవరూ లేరు. చెప్పవలసింది మనం.

ఇది సాధ్యమేనా అంటే, శ్రీకాకుళం వెళ్లి చూడండి. కాళీపట్నం రామారావు మాస్టారు తెలుగు కథలన్నీ ఒకచోట ఉండాలని 1997 ఫిబ్రవరి 22న కథానిలయం తెరిచారు. తనకొచ్చిన పురస్కారాల సొమ్ము అందులో పెట్టారు. కథలున్నది పత్రికల్లో గనుక పాత పత్రికల కోసం ఊరూరా ఉత్తరాలు రాశారు, తిరిగారు, అడిగారు. ఇవ్వడానికి మనసొప్పనివారి దగ్గర జిరాక్సు తీయించుకున్నారు. ఆయన 2021లో కన్నుమూశారు, కథానిలయం ఉంది. ఒక బడిపంతులు మొదలుపెట్టిన పని అది. మన రెండు జిల్లాల్లో, అవి ఇప్పుడు ఇంకా ఎక్కువ జిల్లాలయ్యాయి, రిటైరైన పంతుళ్లకు కొదవా?

నేను అడిగేది ఒక్క పని. ప్రతి గ్రంథాలయమూ తన దగ్గర లేని సంచికల జాబితా రాసుకోవాలి. ఉన్నవాటి పట్టిక అందరూ వేస్తారు. లేనివాటి పట్టిక వేసేవారు అరుదు. ‘భారతి’ మాసపత్రిక తీసుకోండి. 1924 జనవరిలో మొదలై 1991 దాకా నడిచింది. ఒక కాగితం మీద అడ్డంగా నెలలు, నిలువుగా సంవత్సరాలు గళ్లు గీసి, ఉన్న సంచికకు టిక్కు, చిరిగినదానికి సున్నా, లేనిదానికి ఖాళీ. ఆ ఒక్క కాగితం గ్రంథాలయం గోడకు అంటించి, ఒక ఫొటో తీసి వాట్సాప్‌లో పంపితే చాలు. తణుకులో లేనిది అమలాపురంలో ఉండొచ్చు, అమలాపురంలో చిరిగిన పేజీ పాలకొల్లులో బాగుండొచ్చు. రెండు గళ్ల కాగితాలు పక్కపక్కన పెట్టి చూస్తే ఎవరికి ఏది కావాలో తెలిసిపోతుంది.

తర్వాతి పని ప్రతులు తీయించుకోవడం. అది చట్టం ఒప్పుకున్నదే. బజారులో దొరకని పుస్తకానికి, లాభాపేక్ష లేని ప్రజా గ్రంథాలయం తన అవసరానికి మూడు ప్రతుల వరకు తీయించుకోవచ్చని కాపీరైటు చట్టం 52వ సెక్షను చెబుతుంది. రచయిత పోయి 60 ఏళ్లు దాటితే అసలు అడ్డే లేదు. తన దగ్గర కాగితం ప్రతి ఉంటే, దాన్ని భద్రపరచుకోవడానికి డిజిటల్ ప్రతి పెట్టుకోవడానికీ 2012 సవరణ వీలిచ్చింది. గ్రంథాలయాధికారులు భయపడనక్కరలేదు. డబ్బు సంగతి అంటారా, మనం కట్టే ఇంటి పన్నులో రూపాయికి 8 పైసలు గ్రంథాలయ పన్ను ఉంది. అందులో ఒక స్కానరు కొనడం మేడ కట్టడమేమీ కాదు.

స్కానింగు కొంత జరిగింది. డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా వేల తెలుగు పుస్తకాలను స్కాన్ చేసింది. దాని వెబ్‌సైటు ఆగిపోయినా, ఔత్సాహికులు ముందే దింపుకుని ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో పెట్టడం వల్ల చాలా మిగిలాయి. ప్రెస్ అకాడమీ వారు ఆంధ్రపత్రిక, భారతి వంటివి ఎక్కించారు. వీరందరికీ దండం పెట్టాలి. అయితే స్కాన్ ఉంది కదా అని కాగితం పారెయ్యకండి. ఆ స్కాన్లలో పేజీలు ఎగిరిపోయినవి ఉన్నాయి, పేరు తప్పుపడి ఎంత వెతికినా దొరకనివి ఉన్నాయి. సరిచూసుకోవాలంటే కాగితమే దిక్కు.

పండక్కి ఊరొచ్చినప్పుడు అటక దించండి. మూట విప్పగానే దులపకండి, అంచులు రాలిపోతాయి. మెత్తని బ్రష్షుతో తుడవండి. విడి పేజీలకు సెల్లోటేపు అంటించకండి, నాలుగేళ్లకు ఆ జిగురు పసుపు మరకై అక్షరాన్ని తినేస్తుంది. పిన్నులు తుప్పు పడితే నెమ్మదిగా తీసెయ్యండి. ముఖచిత్రం లేకపోతే తేదీ కోసం లోపలి మొదటి పేజీ, సంపాదకీయం పేజీ అడుగు చూడండి. సంపుటం ఇంత, సంచిక ఇంత అని ఉంటుంది. ఇంగ్లీషు సంవత్సరం కనబడకపోయినా కంగారుపడకండి, పాత పత్రికల్లో తెలుగు సంవత్సరం, మాసం వేసేవారు. రక్తాక్షి అని ఉంటే 1924-25 కావచ్చు, అరవై ఏళ్ల తర్వాత వచ్చిన 1984-85 కావచ్చు. ఆ రెండింటిలో ఏదో కాగితం రంగూ, అచ్చు అక్షరమూ, ప్రకటనల్లో వెలలు అణాల్లో ఉన్నాయా పైసల్లో ఉన్నాయా అన్నదీ చెప్పేస్తాయి. ఆ వివరం ఒక చీటీ మీద పెన్సిలుతో రాసి పేజీల మధ్య పెట్టండి. అదే వివరం మీ ఊరి గ్రంథాలయంలో చెప్పండి. ఇవ్వడం ఇష్టం లేకపోతే ఫొటోలు తీసుకోనివ్వండి.